ఇల్లు చూసిన పడవ

పోయిన ఎండాకాలమంతా మా కళ్ళంలో ఒక పడవ బోర్లా పడుకొని ఉండింది.

వడ్లు ఆరబోసే చోట పడవ ఏమిటని దారిన పోయేవాళ్ళు బండ్లు ఆపి మరీ చూసేవాళ్ళు. మాది ఆరంబాక్కం పక్కన సేద్యం చేసుకునే ఊరు. మా పొలాలు అయిపోయిన చోట పులికాట్ సరస్సు మొదలవుతుంది గానీ, మా అత్తగారింటి వాళ్ళకు దానితో సంబంధమే లేదు. వాళ్ళ దృష్టిలో అది ఎండాకాలం వాసన కొట్టే బురద, వానాకాలం మళ్ళలోకి ఎక్కే ఉప్పు.

నాకు మాత్రం అది పుట్టింటి దారి. మిద్దె మీద బట్టలు ఆరేస్తూ తూర్పుకు చూస్తే నీళ్ళకు అవతల తాటిచెట్ల వరస సన్నగా, కాటుక గీత మాదిరి కనిపిస్తుంది. అదే మా దీవి. అక్కడే పెళ్ళి చేసుకొని మా అక్క మంజు ఉంది. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోతే, నన్ను చంకన వేసుకొని పెంచింది అక్కే. నేను పిండిన బట్ట చేతిలోనే పట్టుకొని ఆ గీతను చూస్తూ నిలబడిపోతే, కింద నుంచి మా అత్త మునెమ్మ కేకేసేది. "ఏమ్మే నిత్యా, బట్టలు ఆరేస్తావుండావా, బట్టలతో పాటు నువ్వూ ఆరతావుండావా?"

దీవిలో బడి ఎనిమిదితో సరి. ఆ పైన చదవాలంటే పడవలో ఆరంబాక్కం రావాలి. నేను తొమ్మిదిలో ఉండగా, కార్తీకం గాలికి ఒక పొద్దు మా పడవ పక్కకు ఒరిగింది. అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఆ తర్వాత నాకు గుర్తున్నదల్లా నోటినిండా ఉప్పు, చెవుల్లో గుయ్యిమనే చప్పుడు, ఎవరో నా జడ పట్టుకొని పైకి లాగడం. ఎవరికీ ఏమీ కాలేదు. నా పుస్తకాల సంచి మాత్రం పోయింది. ఆ సాయంత్రం అక్క నా తల తుడుస్తూ, "చదువూ వద్దు, ఏమీ వద్దు. నువ్వింక పడవెక్కొద్దు" అంది. నేను ఎక్కలేదు. పెళ్ళయి ఇటు వచ్చేటప్పుడు మాత్రం తప్పలేదు. అక్క ఒడిలో మొహం దాచుకొని వచ్చాను. నా కాన్పుకు అక్కే వచ్చి, పాపకు కాటుక పెట్టడం నేర్పించి, వెళ్ళిపోయింది. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్యా ఫోనే.

నా పాప వర్షిత పుట్టాక నా భయానికి ఇంకో ఇద్దరి బలం వచ్చింది. బకెట్లో నీళ్ళు సగానికి మించి పట్టనిచ్చేదాన్ని కాదు. వాన పడితే వాకిట్లో మడుగులన్నీ ఊడ్చేసేదాన్ని.

మా పక్క అరవ నెలలే లెక్క. ఎండలు ముదిరే చిత్తిరై నెల మొదట్లో అక్క ఫోన్ చేసింది.

"రెండు నెలలు పోయినాక, ఆనిలో నాకు సీమంతం గాజులు తొడుగుతారంట. మా అత్త ముహూర్తం పెట్టించింది."

"మంచిదక్కా."

"మంచిదని ఫోన్లో చెప్తే చాలదు. అమ్మ లేదు కదా మనకి. మొదట తొడిగే వేపకాపు పుట్టింటి ఆడది తొడగాల. నాకు పుట్టిల్లంటే నువ్వే."

"నువ్వే ఇటు రాకూడదా?"

"కడుపుతో ఉండేదాన్ని పడవెక్కనిస్తుందా మా అత్త? గడప దాటితేనే కళ్ళెర్రజేస్తాది."

"నన్ను పడవెక్కొద్దని చెప్పింది నువ్వే కదక్కా."

"చెప్పినా. ఇప్పుడు ఎక్కమని చెప్తావుండా. రెండూ నేను చెప్పిందే." నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "ఎన్నేళ్ళకో నిలిచిన కడుపు నిత్యా. నువ్వు రాకుంటే నేను చెయ్యి చాపను. చెప్పేసినా."

నా మొగుడు మురళీధరన్ అన్నం తింటూ ఇదంతా విన్నాడు. ఆయన గుమ్మిడిపూండిలో ఒక వడ్రంగి షాపులో తలుపులు చేస్తాడు. చెయ్యి కడుక్కొని వచ్చి, "ఊరి పడవ నువ్వు ఎక్కవు. నేను చేసిన పడవైతే ఎక్కుతావా?" అన్నాడు.

"తలుపులు చేసేవాడివి, పడవ చేస్తావా బావా?"

"తాను తలుపని తలుపుకేమన్నా తెలుసునా? చెక్కే కదా."

చేయలేడన్న ధైర్యంతో, "ఎక్కుతా" అన్నాను.

మా దొడ్లో పెద్ద వేపచెట్టు మొన్నటి తుఫానుకు కూలిపోయి ఉండింది. దాన్ని కోయించి పలకలు చేయించి, ఇంటికి తలుపులు పెట్టించాలని మా మామ సుందరరాజులు ఆశ. ఆ పలకల మీదే మా ఆయన కన్ను పడింది. దీవి నుంచి వచ్చే పడవలను రేవులో కొలిచి, ఫోన్లో వీడియోలు చూసి, షాపుకు లీవు పెట్టి మరీ మొదలుపెట్టాడు. ముందు బోర్లాగానే కట్టాలన్నాడు. రెండు దిమ్మెల మీద వంపు బద్దలు నిలబెట్టి, వాటిమీద పలకలు వంచి మేకులు కొట్టాడు. మామ రోజూ వచ్చి చుట్టూ తిరిగి చూసేవాడు.

"దున్నపోతు పడుకున్నట్టు ఉండాది. పాలు ఇస్తాదా?"

"నీ కోడల్ని పుట్టింటికి తీసకపోతాది నాయనా."

"వేప తలుపు పెట్టుంటే మనవళ్ళ కాలం దాకా ఉండేది. దాన్ని తీసకపోయి నీళ్ళలో ముంచుతానంటావు." అలా అంటూనే తుమ్మ కర్ర తెచ్చి, ముక్కు దగ్గర బద్ద కింద చెక్కుడు సరిగా లేదని తనే ఉలి పట్టుకొనేవాడు.

మా అత్తకు ఆ పడవ వల్ల వెంటనే ఒక లాభం దొరికింది. బోర్లా పడుకున్న దాని వీపు మీద పాత చీర పరిచి ఒడియాలు పెట్టింది. ఎత్తుగా ఉంటుంది, కోళ్ళు అందుకోలేవు, నాలుగు పక్కలా ఎండ తగులుతుంది. ఈయన రంగు కొట్టాలని వస్తే, "నా ఒడియాలు ఎండేదాకా నీ పడవ యాడికీ పోదులే" అనేది.

పలకల సందుల్లో దూది కూరి, దానిమీద గుగ్గిలం పోయాలని చెప్పింది నేనే. మా నాయన ఉన్నప్పుడు ఆయనకు దీవిలో పడవ ఉండేది. మూడు రాళ్ళ పొయ్యి మీద గుగ్గిలం, నూనె కలిపి కాస్తుంటే ఆ పొగ మా కళ్ళమంతా కమ్ముకుంది. నాకు ఒక్క క్షణం ఎక్కడున్నానో తెలియలేదు. నాయన లుంగీ, అక్క జడలోని కనకాంబరాలు, ఇసుకలో కాలుతున్న నా పాదాలు, అన్నీ ఆ పొగలోనే ఉన్నాయి. కళ్ళు తుడుచుకుంటుంటే అత్త చూసింది. పొగ అనుకుంది. అలాగే అనుకోనిచ్చాను.

రంగు పని నాది. నీళ్ళలో మునిగే భాగానికి తారు, ఆ పైన నీలం. ఈయన తిరిగి పనికి పోవడం మొదలుపెట్టాక, పగలంతా పడవా నేనూ పాపే. పాప పడవ కిందికి దూరి ఆడుకునేది. అక్కడ చీకటిగా, చల్లగా ఉండేది. దాని బొమ్మ, నా పాత గరిటె, ఒక చిప్ప, అన్నీ అక్కడే కాపురం పెట్టాయి. నేను బయట తారు పూస్తుంటే లోపల నుంచి అది చెక్క మీద తట్టేది. నేనూ బయట నుంచి తట్టేదాన్ని.

ఒక పూత అయింది. ఆరింది. ఈయన సాయంత్రం వచ్చి చేత్తో తడిమి, "చాలు, లేపుదామా" అన్నాడు. ఇంకో పూత వేస్తానన్నాను. అది ఆరాక మూల దగ్గర పలచగా ఉందన్నాను. ఆ తర్వాత తారు డబ్బా అయిపోయింది, ఇంకొకటి తెమ్మన్నాను.

"అది పడవనా, రోడ్డా? ఇంకెన్ని పూతలు పోస్తావే?"

"లోపల పాప ఉంటాది బావా."

మర్నాడు డబ్బా తెచ్చిపెట్టాడు.

చిల్లులు కనుక్కోవడానికి మా నాయన చేసే పని ఒకటి ఉంది. మిట్టమధ్యాహ్నం బోర్లా ఉన్న పడవ కిందికి దూరి, చుట్టూ గోనెలు కప్పించి, పైకి చూసేవాడు. ఎక్కడైనా సందుంటే ఎండ నక్షత్రం మాదిరి మెరుస్తుంది. ఆ చోట సున్నం బొట్టు పెట్టాలి. నేనూ అలాగే చేశాను. పాపను పొట్ట మీద పడుకోబెట్టుకొని, చేతిలో సున్నం డబ్బాతో వెల్లకిలా పడుకొని చూశాను. మొదట్లో అటొకటి ఇటొకటి మెరిసేవి. బొట్టు పెట్టి, దూది కూరి, మళ్ళీ చూసేదాన్ని. రోజూ మధ్యాహ్నం అదే పని. పాప వేలు చూపించి "చుక్క" అనేది. నేను "చుక్క" అనేదాన్ని.

తర్వాతి నెల వైకాసి చివరలో ఒకరోజు ఎంతసేపు చూసినా చీకటి చీకటిగానే ఉంది. ఒక్క చుక్క కూడా లేదు. పాప కూడా వెతికి వెతికి, లేదన్నట్టు రెండు చేతులూ తిప్పింది. సంతోషపడాల్సింది పోయి, గోనెలు సరిగా కప్పలేదేమోనని మళ్ళీ సర్ది చూశాను. ఇంక వంక లేదు.

పడవను లేపే రోజు మామ కొత్త పంచె కట్టాడు. పక్క పొలాల వాళ్ళు పదిమంది దాకా వచ్చారు. కింద వరిగడ్డి మందంగా పరిచి, పాత టైర్లు పెట్టారు. పడవకు రెండు వైపులా మోకులు కట్టారు. ఎదురింటి కృష్ణమ్మ అత్తతో, "పెళ్ళికూతుర్ని లేపినట్టు లేపతావుండారే. హారతి పళ్ళెం తెచ్చేదా?" అంది. "నీ మొగుడు మోకు పట్టుకోనుండాడు, ముందు వాడికి ఇయ్యి" అని మా అత్త అందరినీ నవ్వించింది.

మామ మధ్యలో నిలబడి, బండి బురదలో దిగబడితే ఎత్తించే గొంతుతో కేక పెట్టాడు. "ఆ పక్కోళ్ళు ఎత్తాల. ఈ పక్కోళ్ళు పట్టుకొని మెల్లగా దించాల. యాలా... హైసా..."

పడవ ఒక అంచు మీదికి లేచింది. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఇంటి వైపు వాళ్ళు ఎత్తుతున్నారు. సరస్సు వైపు వాళ్ళు దించుతున్నారు.

"మామా, ఆ పక్కకు కాదు" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. ఇంకోసారి అనేలోపు అది గడ్డి మీద మెత్తగా కూర్చొని, రెండు ఊపులు ఊగి నిలబడింది. అందరూ ఈలలు వేశారు. లేచేటప్పుడు దాని నోరు తిన్నగా మా వాకిలినే చూసింది.

"ఏమయిందే? మొహం అట్ల పెట్టినావు?" అంది అత్త.

చెప్పక తప్పింది కాదు. మా దీవిలో పడవను మొదటిసారి లేపేటప్పుడు నీళ్ళ వైపుకే లేపుతారు. కళ్ళు తెరిచి మొదట నీళ్ళను చూడాలి. ఇంటిని చూస్తే నీళ్ళకు కొత్తదైపోతుందంటారు.

అందరి నవ్వులూ ఆగిపోయాయి. మామ మోకు చేతిలో పట్టుకొని అలాగే నిలబడ్డాడు. "మాకేం తెలుసు తల్లీ. ఏదొచ్చినా ఇంటి పక్కకే కదా తిప్పుతాము. వడ్ల బండైనా, పెళ్ళి బండైనా. బయటి పక్కకు తిప్పితే పోతాదని..."

"మళ్ళా బోర్లేసి, ఆ పక్కకు లేపుదామా?" అన్నారెవరో.

"లేచినదాన్ని బోర్లేస్తారా ఎవరైనా?" అని అత్త కసిరింది. లోపలికి పోయి నిమ్మకాయా కర్పూరమూ తెచ్చి దిష్టి తీసింది. అంతలో పాప పరుగెత్తుకుంటూ వచ్చింది. పడవ కింద తన ఇల్లు ఉండే చోట ఒట్టి గడ్డి, చిప్ప, గరిటె కనిపించాయి. కింద కూలబడి, ఎవరు ఎత్తుకున్నా ఆగకుండా ఏడ్చింది.

ఆ సాయంత్రం ఈయన పడవ అంచు మీద కూర్చున్నాడు. ఆయన చేతుల నిండా మోకు ఒరుసుకున్న గీతలు. నేను అక్కకు ఫోన్ చేశాను. మనసులో ఒక మూల, ఇదే మంచి సాకు అనిపిస్తూనే ఉంది.

"ఇంటి పక్కకు లేపినారక్కా. తెలియక."

ఫోన్లో గాలి చప్పుడు, ఎక్కడో మేక అరుపు.

"ఫోను స్పీకర్లో పెట్టు. మామ ఉండాడా?"

"ఉండాడు."

"మామా, నేను మంజును. మా నాయన ఒక మాట అనేవాడు. ఇల్లు చూసి లేచిన పడవ యాడికి పోయినా ఇంటికే తిరిగొస్తాది. సముద్రానికి పోయేవాళ్ళకి అది పనికి రాదు. ఎప్పుడూ ఇల్లే తలుచుకుంటావుంటే చేపలెవరు పడతారు? కానీ మా నిత్య మాదిరి పిరికోళ్ళకి అట్లాంటిదే కావాల. సరిగ్గా లేపినారు."

మామ మొహం వికసించింది. "చూసినావా? సుమ్మా, ఊరికే లేపినామా మనం" అన్నాడు, ఎవరినీ ప్రత్యేకించి చూడకుండా.

నాయన అలా అనగా నేనెన్నడూ వినలేదు. నేను చిన్నదాన్ని, అక్కకే ఎక్కువ గుర్తుంటాయి అనుకున్నాను. అడగలేదు.

లోపలి రంగు కూడా నేనే వేశాను. ముక్కు మాత్రం మామ తీసుకున్నాడు. పొంగల్ పండక్కి ఎద్దుల కొమ్ములకు పూసి మిగిలిన ఎరుపూ పసుపూ డబ్బాలు వెతికి తెచ్చి, పడవ ముక్కుకు కొమ్ముకు పూసినట్టే చారలు పూశాడు. ఎద్దులు అమ్మేశాక అటక మీద పడి ఉన్న మెడ గంటను తోమి, దానికి కట్టాడు. "రేవులో నలుగురూ నవ్వుతారు నాయనా" అని ఈయన మొత్తుకున్నాడు. "నవ్వనీ. పొగమంచులో వినపడతాది" అన్నాడు మామ. ఆని నెలలో పొగమంచు ఎక్కడిదని ఎవరమూ అడగలేదు.

ముహూర్తం రోజు పొద్దున, కూలిపోయిన వేప మొద్దుకు వచ్చిన కొత్త చిగుళ్ళు కోసుకొచ్చాను. గాజులు తొడిగే ముందు మొదటగా తొడిగేది వేపకాపు. లేత రెమ్మను గుండ్రంగా చుట్టి, పసుపు దారంతో కట్టాలి. అది చేస్తుంటే నా వేళ్ళు బాగానే ఉన్నాయి. గాజులు, పూలు, కుంకుమ తట్టలో సర్ది, పైన వేపకాపు పెట్టి, పసుపు గుడ్డ కప్పి ముడి వేశాను. పట్టుచీర కట్టుకున్నాను. పాపకు కొత్త గౌను వేశాను. ట్రాక్టర్ మీద పడవ ముందు పోయింది. మేము వెనక నడిచాం.

ఆ కాలంలో సరస్సులో నీళ్ళు తక్కువ. ఒడ్డు నుంచి చాలా దూరం మోకాలి లోతే. నడుమ వాగు పారే చోటు మాత్రం నల్లగా ఉంటుంది. ఈయన పడవను నీళ్ళలోకి తోశాడు. అది ఒక్కసారి ఊగి, తేలింది. లోపల ఒక్క చుక్క లేదు. మామ బండెక్కినట్టే ఎక్కి, మధ్యలో బాసింపట్టు వేసుకొని, రెండు అంచులూ గట్టిగా పట్టుకున్నాడు. అత్త దేవుళ్ళందరినీ వరసగా తలుచుకుంటూ ఎక్కింది.

ఈయన నాకు చెయ్యి చాపాడు.

నేను పాపను చంకన వేసుకొని ఒక కాలు నీళ్ళలో పెట్టాను. పడవ అంచు నా ముందు కొద్దిగా లేచింది, కొద్దిగా దిగింది. అంతే. గాలి లేదు, అల లేదు. నా చెవుల్లో ఆ గుయ్యిమనే చప్పుడు మొదలైంది. జడ కుదుళ్ళు నొప్పెట్టాయి. పాప "అమ్మా" అంది, నేను అంత గట్టిగా పట్టుకున్నానేమో.

"రావే తల్లీ, నేనుండా కదా" అన్నాడు మామ, తన చేతులు అంచుల మీద నుంచి తీయకుండానే.

"నా వల్ల కాదు బావా."

ఈయన చెయ్యి అలాగే కాసేపు ఉండింది. తర్వాత తట్ట కోసం తిరిగింది. ఇచ్చేశాను. "ముహూర్తం దాటిపోతాది. మేము పోయొస్తాము" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

గడకర్ర పోటుకు పడవ కదిలింది. గంట మోగుతూ పోయింది. ముందు మొహాలు కనిపించకుండా పోయాయి, తర్వాత మనుషులు, తర్వాత ఎరుపూ పసుపూ. చివరికి ఒక నీలం చుక్క మిగిలింది. అది కూడా ఆకాశంలో కలిసిపోయింది. నేను పట్టుచీరతో రేవు తాటాకు పందిరి కింద కూర్చున్నాను. అక్కడి నుంచి తాటిచెట్లు మిద్దె మీద నుంచి కనిపించే దానికంటే కొంచెం పెద్దగా కనిపించాయి. ఏ చెట్టు ఎక్కడిదో కూడా తెలుస్తోంది. ఆ కొసన వంగి ఉన్నది మా ఇంటి వెనకది. దాని కింద అక్క నాకు తాటిముంజలు వలిచి పెట్టేది. ఈ సరికి అక్కను పీట మీద కూర్చోబెట్టి ఉంటారు. బుగ్గలకు గంధం పూసి ఉంటారు. నన్ను అడిగి ఉంటుంది. మా అత్త ఏదో చెప్పి ఉంటుంది. అక్క చెయ్యి చాపి ఉంటుంది, ఎవరో ఒక పెద్ద ముత్తైదువ తొడిగి ఉంటుంది. అలా అనుకోగానే నాకు ఊపిరి తేలికవుతుందనుకున్నాను. కాలేదు. నాది అని ఉన్న చోట ఇంకెవరో కూర్చున్నారు, నేనే లేచి ఇచ్చాను.

పాప ఒడిలో నిద్రపోయింది. ఎండ నడినెత్తికి వచ్చింది.

గంట వినిపించింది. ముందు నమ్మలేదు. ఇంత తొందరగా ఎవరు వస్తారు? నీళ్ళ మీది మెరుపులో నీలం కనిపించలేదు గానీ గంట మాత్రం దగ్గరవుతూనే ఉంది. కాసేపటికి ఎద్దు కొమ్ము చారలు తేలాయి. పడవలో ఈయన ఒక్కడే ఉన్నాడు. అడ్డబల్ల మీద పసుపు గుడ్డ కట్టిన తట్ట.

చొక్కా అంతా తడిసిపోయి దిగాడు. నేను ఇచ్చిన నీళ్ళు మొత్తం తాగాడు.

"వేసుకోలేదు."

"ఏంది?"

"మీ అక్క. పాత గాజులు పొద్దున్నే తీసేసినారంట. మన తట్ట విప్పబోతే చేతులు వెనక్కి పెట్టుకునింది. ఆమె అత్త అరిచింది, మీ ఊరి ముసలోళ్ళంతా అరిచినారు, కడుపుతో ఉండేది ఇంతసేపు ఒట్టి చేతులతో కూర్చోకూడదని. ముహూర్తం పోతాదంటే పోనీ అనింది." ముఖం తుడుచుకున్నాడు. "ఆ పడవ ఇల్లు చూసిన పడవ, ఇంటికి పోయి తిరిగి రానీ అనింది నాతో."

నేను తట్టను చూశాను. గుడ్డకు నేను వేసిన ముడి అలాగే ఉంది. ఎవరూ విప్పలేదు. గుడ్డ కొస కింద నుంచి వేపాకు ఒకటి బయటికి వచ్చి, అంచు వాడి ముడుచుకుంటోంది.

"నేనేం చెప్పను నిత్యా. కాసేపు కూర్చొని మళ్ళా పోతా. మా అమ్మా నాయనా ఆడే ఉండారు కదా."

అలికిడికి పాప లేచింది. పడవను చూసింది. నా ఒడిలోంచి జారి, నీళ్ళ అంచుకు పోయి, చెక్కను అరచేత్తో తట్టింది. తట్టి, చెవి దగ్గరగా పెట్టి ఆగింది. లోపల నుంచి ఎవరో తిరిగి తడతారని చూస్తోంది.

నేను చీర మోకాళ్ళ పైకి దోపుకున్నాను. పాపను ఎత్తి ముందు లోపల కూర్చోబెట్టాను. తర్వాత ఎక్కాను. ఈయన చెయ్యి చాపే లోపే అయిపోయింది అది.

దారి పొడుగునా నేను నీళ్ళను చూడలేదు. ఒక చెయ్యి పాప చుట్టూ, ఇంకో అరచెయ్యి అడుగు పలక మీద పెట్టి కూర్చున్నాను. తడి తగిలితే తెలియాలని. నడుమ నల్లటి చోట పడవ ఒకసారి పక్కకు ఊగింది. పళ్ళు బిగించాను. పాప నా మొహాన్ని చూసి, తర్వాత పడవ పక్క పలకలు చూసి, ఒక చోట వేలు పెట్టింది. నేను ఎప్పుడో పెట్టిన సున్నం బొట్టు, రంగు కింద నుంచి మసగ్గా కనిపిస్తోంది. "చుక్క" అంది.

"చుక్క" అన్నాను. నా అరచేయి కింద పలక పొడిగానే ఉంది, ఎండకు వెచ్చగా.

తల ఎత్తేసరికి తాటిచెట్లు చెట్లంత ఎత్తుగా ఉన్నాయి. ఒడ్డున జనం. మా అత్త పచ్చ చీర, మామ తెల్ల పంచె గుర్తుపట్టాను. అందరికీ ముందు, అడ్డుపడుతున్న వాళ్ళను విదిలించుకొని, ఒక మనిషి మోకాళ్ళ దాకా నీళ్ళలోకి వచ్చి నిలబడి ఉంది. పెద్ద పొట్ట. బుగ్గలకు ఎండిన గంధం. మా గంట విని వచ్చిందేమో.

అక్క. రెండు చేతులూ ముందుకు చాపింది. మణికట్ల నుంచి మోచేతుల దాకా ఒట్టివి.

మా మధ్య ఇంకా చాలా నీళ్ళున్నాయి. నేను తట్ట ఒళ్ళోకి తీసుకొని ముడి విప్పడం మొదలుపెట్టాను.